జేబులో ఫ్యూజు

మంగళవారం. ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలు.

భిలాయ్‌లోని కోహ్కాలో ఒక రెండంతస్తుల ఇంటి డాబా మీద రాజగోపాల్ వెల్లకిలా పడి ఉన్నాడు. అరవై నాలుగేళ్ల మనిషి. స్టీల్ ప్లాంట్‌లో ఎలక్ట్రికల్ అధికారిగా చేసి రిటైరయ్యాడు. కుడి అరచేతిలో నల్లగా కాలిన మచ్చ. పక్కన స్పానర్. తలవైపు ఇంటర్నెట్ ఏంటెనా బిగించిన ఇనుప గొట్టం. అది ఒక పక్కకి ఒరిగి ఉంది.

మొదట చూసింది కొడుకు శరత్. అతని కేకకి వీధి వీధంతా డాబా ఎక్కింది. ఆస్పత్రికి చేర్చేసరికే ప్రాణం లేదు.

కరెంటు షాక్. అందులో ఎవరికీ అనుమానం లేదు. అనుమానం లేని చోటే పోలీసులు తొందరపడతారు. శుక్రవారం పొద్దున్నకల్లా ఆ ఏంటెనా బిగించిన కుర్రాడు రవి కుమార్‌ని అరెస్టు చేసి లాకప్‌లో కూర్చోబెట్టారు. నిర్లక్ష్యం వల్ల మరణం, సెక్షన్ 106. రేపు దుర్గ్ కోర్టు. అక్కణ్ణించి జైలు.

ఆ కాగితాల మీద సంతకం పెట్టాల్సింది సబ్ ఇన్‌స్పెక్టర్ అరుణకుమారి. సెలవు ముగించుకుని ఆ పొద్దున్నే డ్యూటీలో చేరింది. చూడకుండా సంతకం పెట్టే అలవాటు ఆమెకి లేదు. ఆ అలవాటు లేకపోవడం వల్లే ఇంకా సబ్ ఇన్‌స్పెక్టర్‌గా మిగిలిపోయిందని స్టేషన్‌లో ఒక మాట ఉంది.

గుమ్మంలో ఒక ముసలాయన నిలబడ్డాడు. తెల్ల చొక్కా. చేతిలో టోపీ.

"ప్రభుదాసునమ్మా. క్యాంప్ వన్ నించి వొచ్చేను. రవి నా కొడుకే."

"కూర్చోండి."

ఆయన కూర్చోలేదు.

"రాజగోపాల్ సారు దగ్గర ఇరవై రెండేళ్లు పన్జేసేనమ్మా. ఆ సారు సావుకి మావోడు కారణమంటే ముద్ద దిగట్లేదు. తప్పు మావోడిదే అయితే నేనే జైలుకి తోలుకెల్తాను. కాకపోతే మాత్రం..."

 కళ్లు తుడుచుకున్నాడు.

అరుణకుమారికి ఆయన్ని చూస్తే కష్టంగా అనిపించింది. కానీ జాలితో కేసులు తేలవు. లేచి లాకప్ దగ్గరికి నడిచింది.

రవి కుమార్‌కి పాతికేళ్లుంటాయి. మూడు రోజులుగా నిద్ర లేని మొహం.

"ఆ ఇంటికి ఏంటెనా ఎందుకు? కేబుల్ లేదా?"

"ఫైబర్ ఆ సందులోకి రాలేదు మేడమ్. ముందు కిటికీలో పెట్టుకునే ఫైవ్-జీ బాక్స్ తెచ్చుకున్నారు. సిగ్నల్ రెండు గీతలు. సాయంత్రం కాలనీ అంతా ఫోన్లు పట్టుకుంటే అదీ పోతుంది."

"తరవాత?"

"శరత్ భయ్యా శాటిలైట్ నెట్ కావాలన్నాడు. అది మన దగ్గర ఇంకా దొరకట్లేదు, దొరికినా పైన ఆకాశం ఖాళీగా కనపడాలి, మీ డాబాకి వేపకొమ్మలు అడ్డం అని చెప్పాను. ఆఖరికి గొట్టం మీద ఏంటెనా పెట్టాం. అది కుమ్హారి రోడ్డు టవర్‌ని సూటిగా చూస్తుంది."

"మంగళవారం ఏమైంది?"

"పక్కింటివాళ్లు కొత్తగా వాటర్ ట్యాంకు ఎక్కించారు. టవర్‌కి అడ్డం వచ్చింది. నెట్ ఆగి ఆగి వస్తోంది. గొట్టం రెండడుగులు పైకి లేపాలి. నేను బుధవారం వస్తానన్నాను. సారు ఆగలేదు."

"ఏంటెనాకి ఎంత కరెంటు పోతుంది?"

"ఇరవై నాలుగు వోల్టులే మేడమ్. దాంతో చీమ కూడా చావదు. శరత్ భయ్యాకీ అదే చెప్పాను. కానీ అడాప్టర్ డాబా మీద డబ్బాలో ఉంది. ముందుముందు సీసీ కెమెరా కూడా అక్కడే పెట్టుకోవాలని సారు అలా పెట్టించారు. డబ్బా దాకా మెయిన్ లైను. రెండు వందల ముప్పై."

"ఆ వైరు గొట్టం పక్కనుంచే పోతుందా?"

"అవును మేడమ్. క్లాంపు బిగిస్తుంటే కింద పడి నలిగి ఉంటుంది. గొట్టానికి కరెంటు ఎక్కింది." రవి తలదించుకున్నాడు. "వైరు నాదే కదా. తప్పు కూడా నాదేనేమో."

తప్పు చేసినవాడు అంత తేలిగ్గా ఒప్పుకోడు. అది అరుణకుమారి అనుభవం.

"లైను ఆపకుండా పనికి దిగే మనిషేనా ఆయన?"

జవాబు వెనకనించి వచ్చింది. ప్రభుదాసు.

"బల్బు మార్సాలన్నా ఎర్ర ట్యాగ్ కట్టీవోరమ్మా. ఇంట్లో కూడా అంతే. సారు ఇంట్లో వొదినగారు నవ్వీవోరు, ఇదేటి, ఇల్లా, ప్లాంటా అని."

అరుణకుమారికి విడమరచి చెప్పక్కర్లేదు. ఆమె పుట్టింది సెక్టార్ క్వార్టర్స్‌లో. తండ్రి ప్లాంట్‌లో పనిచేసినవాడే. మిషన్ మీద మనిషి ఉన్నాడంటే స్విచ్ దగ్గర ఎర్ర రేకు వేలాడుతుంది. కట్టిన మనిషే దాన్ని తీయాలి. జనరల్ మేనేజర్ వచ్చినా ముట్టుకోకూడదు. ఈ ఊళ్లో పిల్లలకి అక్షరాల కంటే ముందు ఆ సంగతి తెలుస్తుంది. తెలిసేది. ఇప్పటి పిల్లల మాట వేరు.

హెడ్ కానిస్టేబుల్ అనిల్‌కుమార్‌ని పిలిచింది. అతనూ ఇక్కడ పుట్టిన తెలుగువాడే. తెలుగు మాట్లాడితే సగం హిందీ దొర్లుతుంది.

"బాడీ మీద దొరికిన వస్తువులు తీసుకురా."

ప్లాస్టిక్ సంచీ వచ్చింది. కళ్లద్దాలు. టెస్టర్. చేతిరుమాలు. అరచేతిలో పట్టేంత తెల్లటి పింగాణీ ముక్క.

"ఇదేమిటి?"

"ఏంటెనాది ఏదో పుర్జా మేడమ్. షర్ట్ జేబులో ఉంది."

అరుణకుమారి దాన్ని వెలుతురులో తిప్పి చూసింది. రెండు చివర్లా ఇత్తడి నాలికలు. మధ్యలో సన్నటి తీగ.

"ఇది పాతకాలం ఫ్యూజు, అనిల్. బోర్డులోంచి పీకి జేబులో వేసుకున్నాడు. ఇంకెవడూ లైను వేయకుండా."

ప్రభుదాసు ముందుకి వంగి దాన్ని చూశాడు. "సారు ఎప్పుడూ అదే అనీవోరమ్మా. స్విచ్ ఎవడైనా ఏస్తాడు, ఫ్యూజు నా జేబులో ఉంటే నా ప్రాణం నా జేబులో ఉన్నట్టే అని."



"బోర్డు చూశావా అనిల్?"

"చూశాను మేడమ్. డాబా లైను చాలూ ఉంది. ఫ్యూజు జాగాలోనే ఉంది. మెయిన్ నేనే బంద్ చేసి, చెక్ చేసి మళ్లీ వేశాను."

"ఫ్యూజు జేబులో ఉంటే, బోర్డులో ఉన్నదెక్కడిది?"



మధ్యాహ్నం రెండు గంటలకి జీపు కోహ్కాలో ఆగింది.

గేటు దగ్గర పక్కింటి అప్పలనర్సమ్మ నీళ్ల బకెట్‌తో ఎదురైంది. వెనక ఇంకో ఇద్దరు ఆడవాళ్లు, బిందెలతో.

"నీళ్లు మోస్తున్నారేం?"

"మంగళారం కాణ్నించీ మోటారు తిరగట్లేదమ్మా. ఇంటినిండా సుట్టాలు. ట్యాంకు ఖాళీ. ఎలట్రీసన్ని పిలుత్తానంటే ఇందుమతమ్మ ఒద్దంటంది. బోర్డు ముట్టుకోనివ్వట్లేదు. ఎలట్రీ ఇంజినీరు ఇంట్లో ఇదేటి కరమ చెప్పండి."

అరుణకుమారి ఒక్క క్షణం ఆగింది. బకెట్ వంక చూసింది. లోపలికి వెళ్లింది.

మెట్ల కింద గోడకి బోర్డు. వరసగా ఆరు ఫ్యూజు గదులు. దేనిమీదా పేరు రాసి లేదు. ఆరోది డాబా లైనని రవి చెప్పాడు. అందులో ఫ్యూజు ఉంది. అయిదోది ఖాళీ.

"ఖాళీ గది ప్రతి ఇంట్లోనూ ఉంటుంది మేడమ్," అన్నాడు అనిల్‌కుమార్.

"ఉంటుంది. అది ఎప్పుడు ఖాళీ అయిందన్నదే ప్రశ్న."

రాజగోపాల్ భార్య ఇందుమతి ముందు గదిలో చాప మీద కూర్చుని ఉంది. మొహంలో నెత్తురు చుక్క లేదు. కోడలు వందన పక్కన ఉంది. వందన స్కూల్ టీచరు. మంగళవారం పదకొండున్నర దాకా స్కూల్లోనే ఉంది. అది అనిల్‌కుమార్ ముందే కనుక్కున్నాడు.

"ఆంటీ, ఆయన డాబా ఎక్కింది ఎప్పుడు?"

"పది నలభై."

"ఎండలో అంత తొందరేం వచ్చింది?"

"శరత్‌కి ఇంటర్వ్యూ. పదకొండున్నరకి. ఏడు నెలలై ఉద్యోగం లేదమ్మా వాడికి. ఈలోగా లేపేస్తే నెట్ బాగా వస్తుందని ఎక్కారు. అరగంట పనే అన్నారు."

"ట్యాగ్ కట్టారా?"

"కట్టారు. ఆయన కట్టకుండా ఎక్కరు."

"ఆ ట్యాగ్ ఇప్పుడెక్కడుంది?"

"ఏమోనమ్మా. నేను చూసేసరికి లేదు. దిగిపోయారనుకున్నాను."

ఆ మాట అన్నాక ఇందుమతి పెదవులు బిగిశాయి. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అరుణకుమారి తరువాతి ప్రశ్న అడగలేదు. దాన్ని దాచుకుంది.

శరత్ గది మేడ మీద. ముప్పై ఏళ్ల మనిషి. గడ్డం పెరిగింది. బల్ల మీద మూసిన లాప్‌టాప్. కిటికీలో పాత ఫైవ్-జీ బాక్స్. గోడకి ఆనకుండా ముందుకి వాలి ఉంది.

"ఇంటర్వ్యూ పదకొండున్నరకి కదా?"

"ముందుకి జరిపారు మేడమ్. పదకొండుకే కాల్ వచ్చింది. అప్పుడు నెట్ లేదు."

"ఏం చేశారు?"

"క్యా కర్తా? ఫోన్ హాట్‌స్పాట్ పెట్టాను. బొమ్మ ఆగిపోయింది. మాట ముక్కలు ముక్కలు. పదకొండు ఏడుకి నెట్ వచ్చింది. తొమ్మిది నిమిషాలు మాట్లాడాను. మళ్లీ పోయింది. అప్పుడు పైకెళ్లాను."

"నెట్ వచ్చినప్పుడు ఏమనుకున్నారు?"

"నాన్న పని అయిపోయిందనుకున్నాను."

"ట్యాగ్ చూశారా?"

"ఏ ట్యాగ్? నేను బోర్డు దగ్గరికే వెళ్లలేదు."

బోర్డు సంగతి ఆమె ఎత్తనేలేదు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే. అరుణకుమారి అతన్ని మెట్ల కిందకి తీసుకొచ్చింది.

"మీ ఇంట్లో మోటారు ఫ్యూజు ఏది?"

శరత్ కాస్త తడబడి మొదటిదాన్ని చూపించాడు. అది హాల్లో లైట్లది. ఆమె దాన్ని పీకగానే దేవుడి పటం ముందు బల్బు ఆరిపోయింది. తిరిగి పెట్టింది.

"అనిల్, ప్రభుదాసుగారిని తీసుకురా. రవిని కూడా. నాలుగు గంటలకి అందరూ ఇక్కడుండాలి."

నాలుగు గంటలు.

చుట్టాల్ని పక్కింటికి పంపించారు. మెట్ల కింద, బోర్డు ఎదురుగా, ఆరుగురు. కుర్చీలో ఇందుమతి. ఆమె వెనక వందన. గోడకి ఆనుకుని శరత్. గుమ్మం దగ్గర తండ్రీకొడుకులు, ప్రభుదాసూ, రవీ. పక్కన అనిల్‌కుమార్.

ప్రభుదాసు బోర్డుకి ఎదురుగా చెప్పులు విప్పి నిలబడ్డాడు. సారు ఇంట్లో ఆయన ఎప్పుడూ అంతే.

అరుణకుమారి తెల్లటి పింగాణీ ముక్కని అందరికీ కనపడేలా పట్టుకుంది.

"ఇది రాజగోపాల్‌గారి జేబులో దొరికింది. డాబా లైను ఫ్యూజు. ఆయన దీన్ని పీకారు, ట్యాగ్ కట్టారు, ఎక్కారు. అప్పటికి ఆ లైను చచ్చిన లైను. రవి వైరు ఎంత నలిగినా ఎవరికీ ఏమీ కాదు. కాబట్టి రవి ఆయన్ని చంపలేదు."

ప్రభుదాసు కొడుకు భుజం పట్టుకున్నాడు. రవి మొహంలో సంతోషం రాలేదు. అర్థం కావడానికి టైమ్ పడుతోంది.

"పదకొండు దాటాక ఎవరో ఈ ఆరో గదిలో ఇంకో ఫ్యూజు పెట్టారు. అదెక్కడిది? పక్క గదిలోది. మోటారుది. అందుకే మంగళవారం నుంచి ఈ ఇంట్లో నీళ్లు లేవు."

ఇందుమతి కళ్లు మూసుకుంది.

"ఆరు గదులున్నాయి. పేర్లు లేవు. ఇందులో మోటారుది ఏదో శరత్‌కి తెలీదు. వందన ఇంట్లో లేదు. రోజూ మోటారు వేసేదీ, ఆయన నైట్ డ్యూటీలో ఉన్న రోజుల్లో ఫ్యూజు తీగ చుట్టుకున్నదీ ఒక్కరే." అరుణకుమారి గొంతు తగ్గించింది. "చెప్పండి ఆంటీ."

 కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు. ఇందుమతి మూడు రోజులుగా ఆ కడుపుని రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. ఇక వదిలేసింది.

"వాడు పైనించి అరుస్తున్నాడమ్మా, నెట్, నెట్ అని. వంటింట్లోంచి వొచ్చేను. ట్యాగ్ లేదు. మా ఇంట్లో ట్యాగ్ లేదంటే మనిషి దిగిపోయినట్టే. ముప్పై ఆరేళ్లు అదే లెక్క. పెరట్లో చేతులు కడుక్కుంటున్నారేమో, ఫ్యూజు జేబులో మర్చిపోయారేమో అనుకున్నాను. అలా ఎన్నిసార్లు మర్చిపోలేదు. మోటారుది పీకి అందులో పెట్టీసేను."

"అమ్మా," అన్నాడు శరత్. 

"ఆయనే ట్యాగ్ తీసీసి, ఏదో మర్చిపోయి మళ్లీ ఎక్కేరనుకున్నాను. ఆయన తప్పేనని నాకు నేను చెప్పుకున్నాను. కానీ చేత్తో పెట్టింది నేను. రవి సంగతి పొద్దున్నే తెలిసింది. నోరు తెరుద్దామని రెండుసార్లు లేచేను. కాళ్లు రాలేదు. నన్ను క్షమించు ప్రభూ."

ప్రభుదాసు క్షమించాననీ అనలేదు, లేదనీ అనలేదు. కొడుకు భుజం మీద చెయ్యి మాత్రం తీయలేదు.

"రాజగోపాల్‌గారు ట్యాగ్ తీయలేదు ఆంటీ," అంది అరుణకుమారి. "తీసి మళ్లీ ఎక్కే మనిషయితే, ఎక్కేముందు మళ్లీ కట్టేవారు."

ఆమె మేడ ఎక్కింది. దిగివచ్చినప్పుడు చేతిలో ఎర్ర రేకు ఉంది. దాని మీద తెల్ల పెయింటుతో హిందీలో రాసి ఉంది. కామ్ చాలూ హై, పని జరుగుతోంది అని.

"కిటికీలో ఫైవ్-జీ బాక్స్ వెనక ఉంది. బాక్స్ ముందుకి వాలి ఉంటే అప్పుడే అనుకున్నాను."

శరత్ గోడమీంచి జారి కింద కూర్చుండిపోయాడు. తేలు కుట్టిన దొంగలా మూడు రోజులు నోరు మూసుకున్న మనిషి, ఇప్పుడు ఆపినా ఆగేలా లేడు.

"నేనే తీశాను. నాన్నని పిలిస్తే పర్మిట్ అంటారు, సేఫ్టీ అంటారు, పది నిమిషాలు క్లాసు. అవతల వాళ్లు లైన్లో ఉన్నారు. ఏంటెనాకి ఇరవై నాలుగు వోల్టులే అని రవి చెప్పాడు. వేసేస్తే ఏమవుతుందిలే అనుకున్నాను. పైన మెయిన్ ఉందని తెలీదు మేడమ్, కసమ్‌సే, ఒట్టు. ట్యాగ్ తీసి చూస్తే ఫ్యూజే లేదు. కోపం వచ్చింది. రేకు చేతిలో పట్టుకునే పైకి వెళ్లిపోయాను." మొహం చేతుల్లో దాచుకున్నాడు. "నేను లైను వేయలేదు కదా, నాన్నే వేసుకున్నాడు, నాన్నే ఏదో తప్పు చేశాడు అనుకున్నాను. అలాగే అనుకుంటూ ఉన్నాను."

ఒకే ఇంట్లో ఇద్దరు. ఇద్దరి దగ్గరా చెరో సగం నిజం. ఇద్దరూ నెపం చచ్చినవాడి మీదే వేసి నిద్రపోవాలని చూశారు. నిద్ర పట్టలేదు. ఒక్కరు నోరు విప్పి ఉంటే, రవికి లాకప్ ఉండేది కాదు. ప్లాంట్‌లో అయితే ఇది జరిగేదే కాదు. అక్కడ ఇంకొకడి ట్యాగ్ ముట్టుకునే మగాడు లేడు. రాజగోపాల్ ఆ నమ్మకాన్ని ఇంటికి కూడా తెచ్చుకున్నాడు. ప్రాణం జేబులో ఉందనుకున్నాడు.

ఇందుమతి కొడుకు వంక చూసింది. చాలాసేపు చూసింది. తరవాత అరుణకుమారి వైపు తిరిగింది. 

"వాడికేటీ తెలీదమ్మా. ట్యాగ్ కూడా నేనే తీసేను. తీసి ఆ బాక్స్ వెనక పెట్టేను. అలా రాసుకోండి."

"అమ్మా, ఊరుకో."

"నువ్వు నోరు ముయ్యి. రాసుకోండమ్మా. అంతా నేనే."

అరుణకుమారికి కేసు తేలినందుకు సంతోషం వేయలేదు. ఈ ఇంటికి రాకుండా పొద్దున్న సంతకం పెట్టేసి ఉంటే బాగుండునని ఒక్క క్షణం అనిపించింది కూడా. అప్పుడు గుమ్మం దగ్గర రవి కనిపించాడు. ఆ కోరిక చచ్చిపోయింది.

"జరిగిందే రాస్తానాంటీ," అంది. "మీరు చేసింది మీ పేరున. అతను చేసింది అతని పేరున. రవీ, నీ మీద కేసు ఉండదు. కోర్టుకి నేనే చెప్తాను. మీ నాన్నగారితో వెళ్లు."

తండ్రీకొడుకులు కదల్లేదు. ప్రభుదాసు బోర్డు వైపు చూస్తూ ఉండిపోయాడు.

ఇందుమతి కుర్చీలోంచి లేచి, కింద కూర్చున్న కొడుకు పక్కన చతికిలబడింది. అతని తల మీద చెయ్యి వేయబోయి ఆపుకుంది.

"ఒరే. ఆ తొమ్మిది నిమిషాలూ నెట్ బాగా వొచ్చిందా?"

శరత్ తలెత్తాడు.

"వచ్చిందమ్మా. ఎప్పుడూ అలా రాలేదు. ఒక్కసారి కూడా ఆగలేదు."

"అయితే లేపీసేరు," అంది ఇందుమతి. "బిగించడమే మిగిలుంది."